నల్లకుంట నత్తలు

రాయదుర్గంలో గుమ్మఘట్ట బస్సెక్కినప్పటి నుంచీ జయంతి ఒకే మాటను నోట్లో తిప్పుకుంటోంది, నాయనా, జీవాలను నల్లకుంటలోకి దించొద్దు, అంతే, ఇంతకంటే చిన్న మాట ఇంకోటి లేదు, కానీ ఆ మాట వినగానే నాయన యాలమ్మా, ఎందుకు అంటాడు, ఆ ఒక్క యాలకు జవాబు వెతకడానికి ఆమెకు బెంగళూరు ల్యాబులో నాలుగేళ్లు పట్టింది, ఇప్పుడు దాన్ని కుంట గట్టు మీద నిలబడి, కొబ్బరికాయ కొట్టేలోగా, గొర్రెలు అరుస్తుండగా చెప్పాలి. పక్క సీటులో సుంకమ్మ అనే పెద్దామె, బస్సు కదలక ముందే పేరూ ఊరూ చెప్పేసి, ఒళ్లోని తమలపాకుల బుట్టను సర్దుకుంటూ వానను పొగుడుతోంది. "మూడేండ్లు కన్ను మూసుకున్న్యాడు దేవుడు, ఇప్పుడు తెరిచినాడు సూడు." బస్సంతా అదే మాట, కండక్టరు కూడా టిక్కెట్టు చింపుతూ ఫలానా చెరువు నిండి మరవ పారిందంట, ఫలానా వంక దాటనీయలేదంట అని పెళ్లి కబురు చెప్పినట్టు చెబుతున్నాడు. మూడేళ్లు దుమ్ము తాగిన నేల ఇది. రోడ్డుకు అటూ ఇటూ ప్రతి గుంటలోనూ నీళ్లు, ప్రతి గుంట చుట్టూ లేత పచ్చ. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు ఆ పచ్చను చూసి భయపడుతున్న మనిషి ఈ బస్సులో తానొక్కతే, ఆ సంగతి తలుచుకుంటే ఆమెకు సిగ్గుగానూ ఉంది.

పచ్చను చూసి కాదు భయం, పచ్చ కింద ఉన్నదాన్ని చూసి. నత్త అనేది ఎంత నిదానస్తురాలో అంత మొండిది, నీళ్లు ఇంకిపోతుంటే బురదలోకి దిగుతుంది, బురద ఎండి నెర్రెలు విచ్చితే ఆ నెర్రెల అడుగున ముడుచుకుని పడుకుంటుంది, పైన మనుషులు వలస పోయి, పశువులు కసాయికి పోయి, బోర్లలో గాలి వస్తున్నప్పుడు అది కింద నిద్రపోతూనే ఉంటుంది. దాని కడుపులో ఇంకొకటి నిద్రపోతూ ఉంటుంది. గొర్రె పెంటికలోంచి గుడ్డు నీళ్లలో పడుతుంది, గుడ్డులోంచి కంటికి కనిపించని పురుగు ఒకటి ఈదుకుంటూ వచ్చి నత్త ఒంట్లోకి దూరుతుంది, దూరిన మరునాడే అది తన రూపాన్ని విడిచేసి సంచి అవుతుంది, సంచిలో బిడ్డలు, ఆ బిడ్డల కడుపున బిడ్డలు, మగ తోడు లేదు, ఈడూ జోడూ లేదు, ఒకటి పోయి వందలవుతుంది, అన్నీ ఒకే బీజం, అన్నీ అదే. నత్త చావదు. అది బాగానే మేస్తుంది, బాగానే పాకుతుంది, గుల్ల కూడా పెరుగుతుంది, కానీ ఇక తన గుడ్లు తాను పెట్టదు, తింటున్నదంతా లోపలి అద్దెకున్నవాళ్ల కోసమే. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటారే, ఇది లెక్కపెట్టడం కూడా కాదు, వాసాలు తీసి తన ఇల్లు కట్టుకోవడం. మొదటిసారి మైక్రోస్కోపు కింద నత్తను చీల్చి చూసిన రోజు జయంతికి అన్నం సహించలేదు, గైడు శ్రీరంగప్ప సారు నవ్వి, అలవాటైపోతుందిలేమ్మా అన్నాడు, అలవాటు కూడా అయింది, అదే ఇంకా భయం.

బస్సు గుంటలో పడి లేచింది, బుట్టలోని ఆకుల మీద సుంకమ్మ చేయి అడ్డం పెట్టింది, ఆ చేయి అమ్మ చేయిలా ఉంది. పొట్టేలును బలిచ్చి దేవర చేసినప్పుడల్లా అమ్మ సిద్దమ్మ దాని కార్జాన్ని, కాలేయాన్ని పళ్లెంలో వేసుకుని కత్తిమొనతో ముక్కలు చేసేది, కోస్తుంటే నరాల్లోంచి తమలపాకు ముక్కల్లాంటి జలగలు జారి పడేవి, నత్తలోంచి గడ్డి మీదికి, గడ్డితో గొర్రె కార్జంలోకి చేరి దాన్ని తొలిచి చంపేవి ఇవేనని అప్పట్లో ఎవరికీ తెలియదు, అమ్మ బియ్యంలో రాళ్లు ఏరినట్టు వాటిని కత్తితో పక్కకు నెట్టి మళ్లీ కోసేది, ఎవరూ అసహ్యపడేవాళ్లు కాదు, కార్జం ఉన్నచోట జలగ ఉండదా అనేవాళ్లు. చిన్నప్పుడు జయంతి ఒక జలగను కొబ్బరి చిప్పలో నీళ్లు పోసి పెంచాలని చూసింది, సాయంత్రానికి అది తెల్లబడి చచ్చింది, ఆమె ఏడ్చింది, గొర్రెలు మేపే కురబల హట్టి అంతా నవ్వింది. జలగ కోసం ఏడ్చిన పిల్ల అని పేరు పడింది, కుళ్లాయప్ప మామ ఇప్పటికీ అలానే పిలుస్తాడు. హట్టికి ఆయన పెద్ద, నోరు కత్తెర. ఆమె పుట్టిన ఏడు నాయన చెన్నప్ప ఒక ఆడ గొర్రెపిల్లకు చెవి కొనలో కోత పెట్టి జయంతి గొర్రె అన్నాడు, దాని బిడ్డలకూ అదే కోత, ఆ బిడ్డల బిడ్డలకూ అదే, ఆ కోత ఉన్నవాటితోనే ఆమె చదువు నడిచింది. మందలో ఏ గొర్రెకు ఏది తల్లో ఏది అమ్మమ్మో నాయన కళ్లు మూసుకుని చెబుతాడు. నేను చేసేది కూడా అదే నాయనా అని ఒకసారి ఆయనకు చెప్పాలని చూసింది, జలగలకు చెవులు ఉండాయా అమ్మీ కోత పెట్టేకి అని ఆయన పగలబడి నవ్వాడు. నవ్వనీ, ఈ రోజు కూడా నవ్వినా ఫరవాలేదు, వింటే చాలు.

జలగలకు చెవులు లేవు, కానీ కోత ఉంది. పోయిన దేవరలో కోసిన పొట్టేళ్ల కార్జాల్లోంచి ప్రాణంతో ఉన్నవాటిని వెచ్చటి ఉప్పునీళ్ల ఫ్లాస్కులో పెట్టుకుని రాత్రి బస్సులో ల్యాబుకు తీసుకెళ్లింది. సగం పురుగులను గాజు పళ్లెంలో వేసి గొర్రెలకు పోసే జలగ మందు పోశారు, మామూలు జలగయితే తెల్లారేసరికి చుట్టుకుపోవాలి. తెల్లారింది. అవి ఆకులు గాలికి కదిలినట్టు మందులోనే మెల్లగా కదులుతున్నాయి. మందు ఎక్కువ చేశారు, అయినా కదులుతున్నాయి. అప్పుడు మిగతావాటి బీజం, అంటే డీఎన్‌ఏ తీసి జెల్‌లో పరిగెత్తించి నీలం వెలుతురు కింద పెడితే ఒక్కో పురుగుకు ఒక్కో వరుస గీతలు, వేర్వేరు గొర్రెల్లోవి, వేర్వేరు ఇళ్ల మందల్లోవి, వరుసలు కొంచెం కొంచెం తేడాగా ఉండాలి, తోబుట్టువుల మొహాల మాదిరి. ఒక్క తేడా లేదు. ఒకే వరుసను ఎవరో మళ్లీ మళ్లీ అచ్చు గుద్దినట్టు ఉంది. ఇంకా తవ్వి చూస్తే క్రోమోజోములు జతలుగా లేవు, మూడేసి ఉన్నాయి, అంటే ఈ జలగ నత్తలోనే కాదు, గొర్రెలో కూడా ఒంటరిగానే బిడ్డల్ని కంటోంది, దీనికి ఎక్కడా తోడు అక్కరలేదు, కాబట్టి మందును తట్టుకునే గుణం ఇంకో రక్తంతో కలిసి పలచబడే దారి లేదు, పుట్టిన ప్రతి బిడ్డకూ అది పుట్టుకతోనే ఉంటుంది. శ్రీరంగప్ప సారు తెర ముందు చాలాసేపు నిలబడి, కళ్లద్దాలు తుడుచుకుని, ఇది ఎక్కడిదమ్మా అన్నాడు. మా హట్టిది సార్ అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమెకు తమ ఇంట్లో దొంగ దొరికినట్టు అనిపించింది.

దొంగ ఎలా తయారయ్యాడో రెండు వారాల కిందట నత్తల కోసం వచ్చినప్పుడే తెలిసింది. ఏడాదికి రెండుసార్లు తాను సీసాల్లో తెచ్చే మందు, గొర్రె బరువు చూసి ఇంతింత పోయాలి అని నాయనకు గొంతు నొప్పి పుట్టేలా చెప్పిన మందు. ఆ రోజు పెరట్లో అమ్మ పెద్ద కడవలో అంబలి కలుపుతోంది, నాయన అందులోకి సీసాలు వంపుతున్నాడు, కడవ చుట్టూ హట్టిలోని మగవాళ్లంతా వెదురుగొట్టాలు పట్టుకుని నిలబడ్డారు. అందరి గొర్రెలకూ తలా ఒక గొట్టం. ఏం చేస్తున్నావు నాయనా అంటే ఆయన ఆమెను వింతగా చూశాడు. "నువ్వు తెచ్చేది మన గొర్లకే సరిపోతాది. కుళ్లాయప్ప గొర్లు నోరు తెరుచుకొని నిలబడితే లేదు పొమ్మందునా? నీళ్ల కాడ ఒకని జీవాన్ని తోసేసినోడు కురబోడేనా?" ప్రతిసారీ అంతేనట, మొదటి సీసా నుంచీ. ఒకరి గొర్రెను నీళ్ల దగ్గర తోసెయ్యకూడదన్నది ఈ ఎండిన నేల మీద వాళ్లకున్న ఒకే ఒక్క ధర్మం, ఆ ధర్మంతోనే ఇన్నాళ్లూ బతికారు, ఆ ధర్మమే ప్రతి జలగకూ చావుకు చాలని మందు రుచి చూపించి, బలహీనమైన వాటిని చంపి, మొండిదాన్ని మిగిల్చి, మళ్లీ మిగిల్చి, చివరికి ఈ ఒక్కదాన్ని తయారు చేసింది. ఎవరిని తిట్టాలి? తిట్టడానికి మనిషి దొరకని తప్పు ఎంత బరువుగా ఉంటుందో ఆమెకు ఆ కడవ పక్కన తెలిసింది.

కిటికీలోంచి గాలి తడిగా వస్తోంది, తడి గాలికి ఇక్కడి మనుషులు ఎంత మొహం వాచారో, ఒక ముసలాయన కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి పిల్లాడిలా గాలిని పిడికిట్లో పట్టుకుంటున్నాడు. ఒక్కటే ఆశ, ఆ ఆశే ఆమెను నిన్న సాయంత్రం ల్యాబు నుంచి సరాసరి బస్టాండుకు తోసింది. చుట్టుపక్కల కుంటల నుంచి తెచ్చిన నత్తలన్నింటినీ చూశారు, అన్నీ శుభ్రం. నల్లకుంట నత్తల్లోనే ఉంది ఆ మొండి జలగ, అదే బీజం, అవే గీతలు. ఇంకెక్కడా లేదు. మూడేళ్ల కరువు దాని చుట్టూ గోడ కట్టింది, వంకలు పారలేదు, మందలు ఒకదానితో ఒకటి కలవలేదు, ఈ లోకంలో అది ఉన్నది ఒక్క నల్లకుంటలోనూ, ఆ కుంట నీళ్లు తాగిన హట్టి గొర్రెల కడుపుల్లోనూ. సారు వేరే రకం మందు తెప్పిస్తానన్నాడు, మూడు వారాలు ఓపిక పట్టమన్నాడు. మూడు వారాలు జీవాలు హట్టి దాటకూడదు, కుంటలోకి దిగకూడదు. అలా జరిగితే అది పుట్టినచోటే చస్తుంది. జరగకపోతే ఒక్క నత్త చాలు, ఒక్క గొర్రె పెంటిక చాలు, తర్వాత ఏ మందూ ఏ ఊర్లోనూ పని చెయ్యదు. హట్టిలో ఉన్న ఒకే ఒక్క ఫోను వానల మొదటి రోజే మూగబోయింది. పైగా ఈ రోజు సోమవారం, కుంట దించే రోజు. వానలు పడ్డాక కుంట లోపలి గడ్డిని ఎవరూ ముట్టరు, మోకాలెత్తు పెరిగేదాకా కాపలా కాస్తారు, తర్వాత మంచి రోజు చూసి, కొబ్బరికాయ కొట్టి, అందరి మందలనూ ఒకేసారి లోపలికి వదులుతారు. ఆ గడ్డి ప్రతి పోచ మీదా ఇప్పుడు నత్తలోంచి ఈదుకొచ్చి, తోక విడిచి, గసగసాల గింజ కంటే చిన్నగా ముడుచుకుని ఆ పురుగులు ఎదురుచూస్తూ ఉంటాయి. ఎండలో ఆ గడ్డి మెరుస్తుంటే నాయన మొహం ఎంత వెలిగిపోతుందో ఆమెకు తెలుసు.

బస్సు ఆగింది. అద్దానికి అడ్డంగా ఉన్ని, వీపులు, చెవులు, రోడ్డంతా గొర్రెలు, జయంతి లేచి నిలబడి చెవి కొనల్ని వెతికింది, కోతలు వేరు, ఎవరివో, ఎక్కడివో. డ్రైవరు హారను కొడుతుంటే గొర్రెలు రోడ్డు పక్క గుంటలో మూతులు పెట్టి తాగాయి. "కూర్చో తల్లీ, యాల అంత తొందర, ఇంట్లో ఎవురికన్నా బాగలేదా?" అంది సుంకమ్మ. ఎవరికీ ఏమీ కాలేదవ్వా అంది. ఇంకా ఏమీ కాలేదు, అదే కదా చిక్కు. చచ్చిన గొర్రెను చూపించి చెబితే నమ్ముతారు, నిగనిగలాడే గొర్రెను చూపించి చస్తుందంటే ఎవరు నమ్ముతారు, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. కుళ్లాయప్ప మామ మీసం మీద చెయ్యేసుకుని జలగ కోసం ఏడ్చిన పిల్ల వచ్చిందిరో అంటాడు, హట్టి మగవాళ్లంతా నవ్వుతారు, నాయన తల దించుకుంటాడు, ఆ నవ్వుల మధ్య గొర్రెలు దిగిపోతాయి. కాబట్టి ముందు నవ్వుతో మొదలుపెట్టాలి, లేదు, ఏడుపుతో, లేదు, దేవుడి మీద ఒట్టేసి, లేదు, పళ్లెంలో కదిలిన పురుగుల గురించి చెప్పాలి, బీజం అనాలి, జన్యువు అనకూడదు, మూడు పేటల తాడు అనాలా, అనకూడదు, తికమక పడతారు. మందు పని చెయ్యదు అనాలి, అంతే, మందు ఇక పని చెయ్యదు. బస్సు కదిలింది, ఆమె నిలబడే ఉంది, ఇంకా రెండు మలుపులు, పెదవులు కదులుతున్నాయి, సుంకమ్మ ఆమె ఏదో మంత్రం జపిస్తోందనుకుని దండం పెట్టుకుంది.

దిగి, చెప్పులు చేతబట్టుకుని, బురదలో అడ్డదారిన పరిగెత్తింది. గట్టెక్కేసరికి కొబ్బరికాయ కొట్టేశారు, చిప్పల్లో ఇంకా నీళ్లున్నాయి, మగవాళ్లు వరుసగా నిలబడి కర్రలు అడ్డం పెట్టి మందలను ఆపుతున్నారు, కుళ్లాయప్ప మామ కేక కోసం చూస్తున్నారు. ఒక్క గొర్రె కూడా ఇంకా దిగలేదు. లోపల గడ్డి, ఇంత పచ్చదనం ఆమె ఈ నేల మీద ఎప్పుడూ చూడలేదు. నాయనా, దించొద్దు, అని అరిచింది, అరిచాక ఆగలేదు, పళ్లెం, మందు, కదిలిన పురుగులు, అంబలి కడవ, ఒకే బీజం, నత్తలు, ముందూ వెనకా లేకుండా ఊపిరందకుండా చెప్పేసింది. ఎవరూ నవ్వలేదు. గొర్రెలు మాత్రం అరుస్తున్నాయి. కుళ్లాయప్ప మామ దగ్గరికి వచ్చి ఆమె కళ్లలోకి చూశాడు.

"ఇప్పుడు మా గొర్ల కడుపులో ఉండేవి కూడా మందుకు సావవా?"

"సావవు మామా. ఈ గడ్డి తింటే పదింతలైతాయి."

"ఖాయమేనా?"

"నా కండ్లారా చూసినా."

ఆయన వెనక్కి తిరిగి కర్ర ఎత్తాడు. "ఏయ్, మళ్లేయండ్రా జీవాలను, ఒక్కటి గూడా దిగకూడదు!" అంతే, మందలన్నీ గట్టు మీదే వెనక్కి మళ్లాయి. నమ్మారు. జయంతి అక్కడే చతికిలబడింది, నవ్వు వచ్చింది, ఏడుపు వచ్చింది, దారి పొడుగునా అనవసరంగా వాళ్లను ఎంత తక్కువ చేసి చూశానని తనను తాను తిట్టుకుంది. మూడు వారాలు మామా, మూడు వారాలు హట్టిలోనే కట్టేస్తే సారు వేరే మందు తెస్తాడు అంటోంది.

"కట్టేసి ఏం పెట్టేది, నా తలకాయా?" అన్నాడు కుళ్లాయప్ప, కోపం లేకుండానే, మళ్లుతున్న మందల మీదే చూపు ఉంచి. "కుంట గడ్డి కోసమే కదమ్మీ ఇన్నాళ్లు కడుపు మాడ్చుకొని నిలబెట్టుకున్న్యాం. బయటికి సూస్తే ఇప్పుడు కండబట్టి ఉండాయి. రేపే సంత. బళ్లారోళ్లు, హిందూపురమోళ్లు, అందరి లారీలూ వస్తాయి. అమ్మేద్దాం. ఒక్కటి మిగిల్చేది లేదు. సంత అయ్యేదాకా ఈ మాట హట్టి దాటకూడదు, ఏమప్పా?"

సరే అన్నా, అన్నాయి గొంతులు. వాటిలో చెన్నప్ప గొంతు కూడా ఉంది. నమ్మించడానికి జయంతి ఎన్ని మాటలు కట్టుకుంది, నమ్మాక చెప్పాల్సిన మాట ఒక్కటీ కట్టుకోలేదు. అమ్మకూడదు మామా, అమ్మితే అది ఊరూరికీ పోతుంది అని అరుస్తోంది, గొర్రెల అరుపుల్లో అది ఎవరికి వినబడిందో తెలియదు. నాయన ఒక్కడే వెనక్కి వచ్చాడు, వచ్చి తలపాగా గుడ్డతో ఆమె కాళ్ల బురద తుడిచాడు.

"వేరే ఊర్లోళ్ల జీవాలు, నాయనా. వాళ్ల కుంటలు. అవన్నీ ఏం గావాల?"

చెన్నప్ప బురదైన గుడ్డను పక్కన పెట్టాడు. ఆయన కళ్లలో నిజంగానే జాలి ఉంది, ఆ సంగతి ఆమె తర్వాత ఎన్నాళ్లయినా మరిచిపోలేకపోయింది.

"ఏం జేస్తామమ్మా," అన్నాడు, ఆమె తల నిమురుతూ. "వాళ్లకు నీ మాదిరి సదివిన బిడ్డ ల్యాకపాయె."

తర్వాత లేచి, కర్ర తీసుకుని, చెవి కోత ఉన్న గొర్రెలను ఒక పక్కకు ఏరడానికి వెళ్లాడు, సంతలో వాటినే ముందు నిలబెట్టాలని.